కింద తాడు పట్టుకున్న మనిషి

కరిగుట్లపల్లి,
16 జూన్ 2025

సరళా,

నేను, మీ అత్త ఆంజినమ్మను రాస్తున్నాను. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకోకు. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఫోనులో నాకు వినపడాలంటే నువ్వు అరవాలి, నేను అంతకంటే గట్టిగా అరుస్తాను. ఇల్లు చూస్తే రెండు గదులు, అందులో ఒక గదిలో నీ మొగుడు పడుకొని ఉన్నాడు. వాడి గురించి వాడి ముందరే అరవలేక, బడిలో పిల్లలకు వంట చేసి పెట్టాక ఇక్కడే కూర్చొని రాస్తున్నాను. మన ఊరి పోస్టు చూసే మారెక్క చేతికిస్తే నాలుగు రోజుల్లో బెంగళూరు చేరుతుందట.

కేశవ వచ్చి పది రోజులు దాటింది. ఒక సంచి భుజాన వేసుకొని ఆదెప్ప ఆటోలో దిగాడు. సెలవు పెట్టానన్నాడు. ఎన్నాళ్లని అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఫోను ఆపేసి పెట్టెలో పడేశాడు. రెండు అరచేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి. ఏమైందంటే, "బండి సైలెన్సరు తగిలింది మా" అన్నాడు. సైలెన్సరు రెండు చేతులకూ ఒకేసారి ఎట్లా తగులుతుంది? గుడ్డ విప్పి చూస్తే లోపల చర్మం లేదు. నేనే ముద్ద కలిపి నోట్లో పెడుతున్నాను. అంత మగవాడు పసిబిడ్డలాగా నోరు తెరుస్తాడు గానీ నా ముఖం చూడడు.

వానలు లేవు. ఒక్క పదును పడితే శనక్కాయ విత్తాలని ఊరంతా ఆకాశం చూస్తోంది. మీ మామ గొర్రెలు తోలుకొని కర్ణాటక దిక్కు పోయాడు, ఇక్కడ గడ్డి మొలిచేదాకా రాడు. ఇంట్లో ఉండేది నేనూ వీడే.

నిన్న మధ్యాహ్నం వాడు పాత బావి గట్టు మీద కూర్చొని లోపలికి చూస్తూ కనపడ్డాడు. ఆ బావిలో నీళ్లు ఎప్పుడో పోయాయి. రాళ్లు తప్ప చూడటానికి ఏముంది? సరళా, ఈ చుట్టుపక్కల ఊర్లలో మాట మానేసిన మగవాళ్లు ఏమయ్యారో నేను చూశాను. వాళ్ల పేర్లు రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీ ఇద్దరికీ గొడవ అయిందా? ఉన్నది ఉన్నట్టు రాయి. నువ్వు తిట్టి పంపించి ఉంటే అదీ రాయి.

మారెక్క వచ్చే దారి చూస్తూ ఉంటాను.

మీ అత్త,
ఆంజినమ్మ


బెంగళూరు,
21 జూన్

అత్తమ్మా,

ఆయన మీకు అంతా చెప్పి ఉంటాడనీ, అందుకే మీరు నా మీద కోపంగా ఉన్నారనీ ఇన్నాళ్లూ అనుకున్నాను. మీకు ఏమీ తెలియదని మీ ఉత్తరం చూశాకే అర్థమైంది.

అది సైలెన్సరు కాదు, తాడు.

నా పని గురించి మీరు ఊర్లో "పిల్లలకు ఆటలు నేర్పిస్తాది" అని చెబుతారు. అది నిజమే. బండలాగా కట్టిన గోడ మీద పిల్లలకు ఎక్కడం నేర్పించేది వారమంతా చేసే పని. ఆదివారం మాత్రం నేను నా కోసం నిజమైన బండ ఎక్కుతాను. పెళ్లయిన నాటి నుంచి కింద నిలబడి తాడు పట్టుకునేది ఆయనే. తాడు ఒక కొస నా నడుముకు ఉంటుంది. అది పైన బిగించిన కొక్కెంలో నుంచి మలుపు తిరిగి ఆయన చేతికి వస్తుంది. నేను జారితే ఆయన బిగించాలి. ఆ చెయ్యి తాడును ఎప్పుడూ వదలకూడదు.

మే నెలాఖరులో ఊరి బయట ఒక కొండకు వెళ్లాం. నేను పైదాకా ఎక్కి, ఇక దించమని చెప్పి, చేతులు వదిలి తాడు మీద కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే ఆయనకు కంటి మీద కొండతేనెటీగ కుట్టింది. చెయ్యి తనంతట తాను కంటి మీదికి పోయింది. ఎవరిదైనా పోతుంది. నేను పడిపోతుంటే, పరుగెత్తే తాడును రెండు అరచేతులతో పట్టుకున్నాడు. చర్మం ఊడి వస్తున్నా వదల్లేదు. అందుకే నేను నేలను తాకకుండా ఆగాను.

నాకేమీ కాలేదు. చర్మం అక్కడక్కడ గీసుకుపోయింది, అంతే. మీరు దిగులు పడకండి. ఆయనకు కొన్నాళ్లు మీ దగ్గర ఉండాలనిపించినట్టుంది, ఉండనివ్వండి. నేను వద్దామంటే ఇక్కడ పని వదిలి రావడానికి లేదు. ప్రస్తుతం ఎలిజబెత్ గదిలో ఉంటున్నాను. ఆమె మీకు గుర్తుండే ఉంటుంది, మా బుక్కరాయసముద్రం పిల్లే, నాతో పాటే ఈ ఆట నేర్చుకుంది. ఉత్తరాలు మా ఇంటికే రాయండి, ఆమె వెళ్లి తెచ్చిస్తుంది.

ఆయన చేతులకు కొబ్బరి నూనె రాయకండి, మందు మాత్రమే రాయండి.

మీ కోడలు,
సరళ


కరిగుట్లపల్లి,
26 జూన్

సరళా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీకేమీ కాలేదని రాశావు, సంతోషం. పని ఉంది, రాలేనని రాశావు. దాని గురించి నేనేమీ అనను. మొగుడు చేతులు కాల్చుకొని మంచాన పడితే చూడటానికి రాలేనంత పని ఏమిటో నాకు తెలియదు. మొగుడు ఇక్కడ ఉంటే నువ్వు స్నేహితురాలి గదిలో ఎందుకున్నావో అదీ అడగను.

ఇప్పుడు రాయబోయేది నిన్ను నిష్ఠూరమాడటానికి కాదు. నాకు భయంగా ఉంది, చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు.

వాడి సంచిలో తాడు ఉంది. చేతుల మీద కొత్త చర్మం వచ్చిన నాటి నుంచి పొద్దున్నే ఆ సంచి తీసుకొని ఊరి వెనక గుట్టకు పోతున్నాడు. మొన్న వంటకు ఆలస్యమైనా సరేనని వెనకాలే పోయాను. వాడు గోనెసంచిలో రాళ్లు నింపుతున్నాడు. నింపి, చేతులతో ఎత్తి చూసి, ఇంకో రాయి వేశాడు. గుట్ట పైన ఉన్న రావిచెట్టు మొదలుకు ఏదో కట్టి, తాడు దాంట్లో నుంచి కిందికి వదిలి, ఆ సంచిని పైకి లాగాడు. తర్వాత వదిలేశాడు. సంచి సగం దాకా పడి గాలిలో వేలాడింది. మళ్లీ లాగాడు, మళ్లీ వదిలాడు.

దగ్గరికి పోయి, ఏం చేస్తాండావురా అని అడిగాను.

"బరువు చూస్తాండా మా."

"ఎవురి బరువు?"

"మనిషి బరువు" అన్నాడు, నా వైపు తిరగకుండానే.

గుట్ట ఎట్లా దిగానో నాకు తెలియదు. ఆ రోజు అన్నం మాడిపోయింది, పిల్లలు అట్లాగే తిన్నారు. సాయంత్రం వాడు నీళ్లు పోసుకోవడానికి పోగానే సంచిలో నుంచి తాడు తీసి దాచేశాను. ఎక్కడో నీకు కూడా చెప్పను. వాడు ఇల్లంతా వెతికాడు. నేను చూడలేదన్నాను. ఇంట్లో ఉన్న చేదతాడు, గొర్రెల పలుపులు, నా పాత చీరలు కూడా మారెక్క ఇంట్లో పెట్టి వచ్చాను. నిద్రలో కూడా ఒక చెయ్యి వాడి మంచం పట్టెమీద వేసి పడుకుంటున్నాను.

ఇదంతా ఆ పాడు ఆటతోనే వచ్చింది. పెళ్లి చూపుల్లో నీ వేళ్లు చూసి, ఈ పిల్ల రాళ్లు కొట్టే పనికి పోతుందేమోనని మీ మామతో అన్నాను. అప్పుడే అడిగి ఉండాల్సింది. నువ్వు దాన్ని వదిలేస్తానని ఒక్క మాట రాయి. వాడికి చూపిస్తాను. వాడు బతుకుతాడు.

ఆంజినమ్మ


బెంగళూరు,
1 జూలై

అత్తమ్మా,

ముందుగా ఒక మాట. ఆయన మీరు భయపడుతున్న పని చేయడం లేదు. నా మాట నమ్మండి.

తాడు పట్టుకోవడం నేర్చుకునేవాళ్లకు మొదట మనిషిని ఇవ్వం. మనిషంత బరువు ఉన్న సంచిని ఇస్తాం. దాన్ని పైనుంచి వదులుతాం, కింద వాళ్లు ఆపాలి. ఎలిజబెత్, నేను అట్లాగే నేర్చుకున్నాం. ఆయన ఇంకో రాయి వేశాడని రాశారు చూడండి, నా బరువుకు సరిచేస్తున్నాడు. ఆ సంచి నేనే అత్తమ్మా. పడిపోయే నన్ను మళ్లీ మళ్లీ ఆపి చూసుకుంటున్నాడు. దయచేసి ఆ తాడు ఆయనకు ఇచ్చేయండి.

మీరు అడిగారు కాబట్టి రెండో సంగతి కూడా రాస్తాను. ఆయన తనకు తానుగా రాలేదు. నేనే పొమ్మన్నాను. ఆ రోజు తర్వాత ఆయన నన్ను లేపడానికి చెయ్యి చాచితే నా ఒళ్లంతా బిగుసుకుపోయేది. మంచినీళ్ల గ్లాసు ఇచ్చినా ఆ వేళ్ల నుంచి అందుకోలేకపోయాను. తప్పు ఆయనది కాదని నా నోరు చెబుతోంది, ఒంటికి ఎక్కడం లేదు. ఆయన అది చూస్తున్నాడు. చూసి ఇంకా మెల్లగా, ఇంకా దూరంగా మసలుకోవడం మొదలుపెట్టాడు. అది భరించలేక, "కొన్నాళ్లు నా కండ్ల ముందర ఉండొద్దు" అన్నాను. అప్పటికప్పుడే సంచి సర్దుకున్నాడు.

ఆట వదిలేస్తానని రాయమన్నారు. ఊరికే రాయగలను గానీ అబద్ధమవుతుంది. కాలేజీకి వచ్చేదాకా నేను మా ఊరి నుంచి అనంతపురం బస్సులో ఒక్కదాన్నే వెళ్లిందాన్ని కాదు. ఎవరైనా వెనక నడిస్తే కాళ్లు వణికేవి. మొదటిసారి బండ ఎక్కి కిందికి చూసినప్పుడు కూడా వణికాయి. కానీ ఆ వణుకుతోనే ఇంకో అడుగు వేయవచ్చని అక్కడే తెలిసింది. ఆ తర్వాత నేను చేసినవన్నీ, ఈ ఊరికి రావడం, ఉద్యోగం, మీ అబ్బాయినే చేసుకుంటానని మా నాయన ఎదురుగా నిలబడి చెప్పడం, అన్నీ దాని వల్లే.

ఇప్పుడు అది పోయింది. కళ్లు మూసుకుంటే మళ్లీ పడుతున్నట్టే ఉంటుంది. మెట్లు చూస్తే భయం. నా దగ్గరకు వచ్చే ఆడపిల్లలకు భయపడొద్దని ఇక ఏ ముఖంతో చెప్పాలో తెలియడం లేదు.

ఆయనను ఏమీ అడగకండి. తాడు మాత్రం ఇచ్చేయండి.

సరళ


కరిగుట్లపల్లి,
8 జూలై

అమ్మా సరళా,

నీ ఉత్తరం చదివి బడి వంటగదిలో తలుపు వేసుకొని ఏడ్చాను.  నిన్ను అన్న మాటలు మనసులో పెట్టుకోకు.

మొన్న సాయంత్రం తాడు ఇచ్చేశాను. మన ఎండిపోయిన బోరు దగ్గర మోటారు షెడ్డు ఉంది కదా, దాంట్లో ఆదెప్ప తన ఆటో పాత బ్యాటరీలు పడేసుకున్నాడు. తాడును చుట్టచుట్టి నేల మీద పెట్టి, ఎవరికీ కనపడకుండా పైన ఆ బ్యాటరీలు పేర్చాను. తీసేటప్పుడు ఒక వైపు తడిగా ఉంది. వాన లేదు, ఎక్కడి తడో. ఎండలో ఆరేసి, దులిపి సంచిలో పెట్టాను. ఊడుస్తూ జరిపి మరిచిపోయానని చెప్పాను. వాడు తాడంతా చేత్తో తడిమి చూసి, బాగుందిలే మా అన్నాడు. వచ్చిన తర్వాత వాడు నవ్వడం అదే మొదటిసారి.

ఇంకో సంగతి విను, నవ్వకు. నిన్న అన్నం తింటూ, "సంచితో చాలు మా. నువ్వు ఎక్కుతావా? నేను పట్టుకుంటా" అన్నాడు. నాకు మంచం మీద నిలబడి బూజు దులపాలన్నా కళ్లు తిరుగుతాయి. వద్దురా అనబోయి వాడి ముఖం చూశాను. నేను వద్దంటే, నువ్వు గ్లాసు అందుకోనప్పుడు ఎట్లా చూశాడో నా వైపూ అట్లాగే చూస్తాడని తోచింది. సరేనన్నాను. ఈ ఆదివారం పొద్దున గుట్టకు పోతున్నాం. గుట్ట మరీ నిటారుగా ఉండదులే, కొంచెం వాలుగానే ఉంటుంది. నువ్వు నడుముకు కట్టుకునే పట్టీ వాడి సంచిలోనే ఉంది, దాన్ని నా కొలతకు సరిచేశాడు.

ఇప్పటి నుంచే అరికాళ్లు చల్లబడుతున్నాయి. అయినా కట్టేది నా కొడుకే కదా.

మీ అత్త,
ఆంజినమ్మ


బెంగళూరు,
13 జూలై, ఆదివారం

అత్తమ్మా,

ఈ ఉత్తరం ఎవరికి రాస్తున్నానో నాకే తెలియడం లేదు. కూర్చొని ఉండలేక రాస్తున్నాను.

మీ ఉత్తరం నిన్ననే వచ్చి మా ఇంటి తలుపు కింద పడి ఉందట. ఎలిజబెత్ ఇందాక తెచ్చి ఇచ్చింది. బ్యాటరీలు అన్న చోటికి వచ్చి ఆ వాక్యం మళ్లీ చదివాను. ఆ తడి నీళ్లు కాదు. బ్యాటరీలో ఉండే యాసిడ్. అది తగిలిన తాడు పైకి బాగానే కనపడుతుంది, చేత్తో తడిమినా తెలియదు. లోపల పీచు చచ్చిపోతుంది. మనిషి బరువు పడితే తెగిపోతుంది. మేము మొదటి రోజే నేర్చుకునే సంగతి ఇది. తాడు అక్కడ ఉందని ఆయనకు తెలిసి ఉంటే ముట్టుకునేవాడు కాదు.

ఆయన ఫోను ఆపేసే ఉంది. మీది మోగుతోంది, మీకు వినపడదు. ఆదెప్పకు చేశాను. మూడోసారికి ఎత్తాడు. కళ్యాణదుర్గం నుంచి ఊరికి వస్తూ దారిలో ఉన్నాడు. "ఇప్పుడే పోతాండా పాపా" అన్నాడు. తర్వాత గుట్ట దగ్గర సిగ్నల్ పోయిందో ఏమో, ఫోను కలవడం లేదు.

తాడు ఇచ్చేయమని రాసింది నేనే. రెండుసార్లు రాశాను.

నేను లేచి పరుగెత్తి రాలేను అత్తమ్మా. ఎలిజబెత్ నా పక్కన కూర్చొని ప్రార్థన చేసుకుంటోంది. ఫోను ఇంకా మోగలేదు


కరిగుట్లపల్లి,
14 జూలై

సరళా,

నువ్వు నిన్ననే ఫోనులో విన్నావు, నేను బాగున్నాను. అయినా అక్కడ ఏం జరిగిందో నేను రాస్తేనే నీకు పూర్తిగా తెలుస్తుంది. వాడు అంతా చెప్పడు.

పొద్దున పోయాం. బడి పిల్లలు కొందరు చూడటానికి వచ్చారు. వాడు వెనక దారిన గుట్ట ఎక్కి తాడు కట్టి వచ్చాడు. నాకు పట్టీ బిగించి, ముడి రెండుసార్లు చూశాడు. చెప్పులు విప్పి బండ మీద కాలు పెట్టాను. చల్లగా, గరుకుగా ఉంది. మొదట నాలుగు అడుగులు పాకినట్టే పోయాను. కిందికి చూడొద్దని వాడు ముందే చెప్పాడు, చూడలేదు. రెండు నిలువుల ఎత్తు పోయాక ఒక చిన్న అంచు దొరికింది. దాని మీద నిలబడి ఊపిరి తీసుకున్నాను. అలసిపోయాను, తాడు మీదికి వాలి కూర్చోవచ్చని వాడు చెప్పిన మాట గుర్తొచ్చింది. కూర్చోబోతూ కిందికి చూశాను.

అప్పుడే పిల్లలు అందరూ రోడ్డు వైపు తిరిగారు. ఆదెప్ప ఆటో చేనుకు అడ్డంగా దూకుతూ వస్తోంది. ఆదెప్ప దిగి పరుగెత్తి వచ్చి కేశవ చెవిలో ఏదో అన్నాడు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. వాడి ముఖం మాత్రం కనపడింది. వాణ్ని కన్నప్పటి నుంచి నేను ఎరిగిన ముఖం కాదు అది.

వాడు కింద నుంచి అరిచాడు. నోరు కదలడం తప్ప నాకేమీ తెలియలేదు. తాడు వదిలేశాడు. వదిలేసి బండకు చేతులు పెట్టి పైకి వస్తున్నాడు, ఏ తాడూ లేకుండా. ఆ కొత్త చర్మంతో. నన్ను పట్టుకునే మనిషే కింద లేకపోతే నేనేం కావాలి? బండకు కరుచుకుపోయాను. కాళ్లు కుట్టుమిషను మాదిరి కొట్టుకుంటున్నాయి.

వాడు నా పక్కకు వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు. "మా, తాడు మీద వాలొద్దు. బండనే పట్టుకో. నేను నీ కింద ఉండా." ఎందుకని నేను అడగలేదు. ఆ గొంతు విన్నాక అడిగితే పడిపోతానని తెలుసు.

నా కిందికి దిగి, నా కుడి పాదం పట్టుకొని మెల్లగా లాగి ఒక గుంటలో పెట్టి అదిమాడు. తర్వాత ఎడమ పాదం. అదిమినప్పుడు బరువు వేయాలి, వదిలినప్పుడు ఆగాలి. మాట లేదు. వాడికి నడక రాని వయసులో వాడి పాదాలు పట్టుకొని నేను గడప దాటించేదాన్ని. ఒకచోట నా మడమ జారింది. మొత్తం బరువు వాడి భుజం మీద పడింది. ఇద్దరం పోయామనుకున్నాను. వాడు కదల్లేదు. నా కాలు మళ్లీ బండకు తగిలేదాకా వాడి ముక్కులో నుంచి గాలి వస్తుంటే నా పిక్కకు వేడిగా తెలిసింది.

నేల తగిలాక నేను బాగానే ఉన్నాను. నీళ్లు తాగాను, పిల్లలను ఇళ్లకు పొమ్మన్నాను. కేశవ మాత్రం ఆగలేదు. ఆ రాళ్ల సంచిని అదే తాడుకు కట్టి పైకి లాగి వదిలాడు. తాడు తెగిపోయింది. ఒక్క క్షణం ఆపినట్టు కూడా అనిపించలేదు. సంచి నేరుగా వచ్చి నేను నిలబడిన చోటికి కొంచెం అవతల పడి పిగిలిపోయింది. తెగిన కొస తెల్లగా దూదిలాగా విడిపోయింది. అది చూశాక అక్కడే కూర్చుండిపోయాను.  వాణ్ని కాపాడుకోవాలని దాచిన తాడు. 

ఎక్కడ దాచావని వాడు అడిగాడు. చెప్పాను. ఎందుకని అడిగాడు. అదీ చెప్పాను, బావి గట్టు సంగతి కూడా. వాడు నా పక్కన నేల మీద కూర్చొని, "అట్లా అనుకుంటివా మా" అని నా చెయ్యి తీసుకున్నాడు. నేను అనుకున్నది పూర్తిగా తప్పని మాత్రం వాడు అనలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

ఆదెప్ప తన ఫోను వాడికి ఇచ్చాడు. సిగ్నల్ ఉన్న చోటికి నడిచి పోయి నీతో మాట్లాడాడు. మీరేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. దూరం నుంచి వాడి వీపు చూస్తూ ఉన్నాను.

ఆదెప్ప అప్పుడు చెప్పాడు. "ఆ పాప కాలు ఇరిగి మంచాన ఉండాది, ల్యాకుంటే తానే వచ్చేదంట." నాకేమీ కాలేదని రాశావు నువ్వు. ఆ రోజు బండకు కొట్టుకొని చీలమండ విరిగి పిండికట్టుతో పడుకొని, చూడటానికి రాలేనంత పని ఏమిటని నేను రాసిన మాట చదివావు. ఎందుకు చెప్పలేదని వాణ్ని అడిగితే, నువ్వు చెప్పొద్దన్నావట. మీ ఇద్దరూ నన్ను చంపేస్తారు.

రేపు కళ్యాణదుర్గంలో వాణ్ని బస్సు ఎక్కిస్తాను. వాడు చెయ్యి చాచితే నీ ఒళ్లు బిగుసుకుంటే బిగుసుకోనీ. దానికి ఎన్నాళ్లు కావాలో అన్నాళ్లు పడుతుంది. కానీ ఇంకోసారి పొమ్మనకు. ఇక్కడికి వస్తే నా చెవులకు ఏమీ వినపడదు, కళ్లకేమో లేనివీ కనపడతాయి.

జాగ్రత్తగా నడువు.

మీ అత్త,
ఆంజినమ్మ


బెంగళూరు,
22 సెప్టెంబర్

అత్తమ్మా,

అక్కడ వానలు పడ్డాయనీ, మామ గొర్రెలతో ఇల్లు చేరాడనీ ఆదెప్ప చెప్పాడు. ఆలస్యంగానైనా కాయ నిలబడితే చాలు.

కట్టు తీసి నెల దాటింది. కొంచెం కుంటుతున్నాను. ఆయన వంట చేస్తున్నాడు, మీ చేతి వంటలా ఉండదు. మొదట్లో గ్లాసు బల్ల మీద పెట్టి పక్కకు జరిగేవాడు, నేను తర్వాత తీసుకునేదాన్ని. ఇప్పుడు చేతికే ఇస్తున్నాడు. కొన్నిసార్లు ఉలిక్కిపడుతున్నాను. మీరు రాసినట్టే, దానికి పట్టే రోజులు పట్టనిస్తున్నాం.

నిన్న పిల్లలు ఎవరూ లేని వేళ ముగ్గురం గోడ దగ్గరికి వెళ్లాం. తాడు నేను పట్టుకుంటానని ఎలిజబెత్ అంది. వద్దు, ఆయనే పట్టుకోవాలని నేను అన్నాను.  ఇద్దరం ముడిని విప్పి మళ్లీ మళ్లీ వేశాం. ముడి వేయడానికే చాలాసేపు పట్టింది.

ఎక్కువ ఎత్తు ఎక్కలేదు అత్తమ్మా. నా కాలు ఆయన తల దాకా వచ్చింది, అంతే. మా దగ్గర ఏడేళ్ల పిల్లలు నవ్వుతూ దూకే ఎత్తు. ఎక్కడం కష్టం కాలేదు. చేతులు వదిలి తాడు మీద కూర్చోవాలి, అది చేతకాలేదు. వేళ్లు తెల్లబడేదాకా పట్టుకొని ఉన్నాను. ఆయన వదలమని అనలేదు. నేను ఉన్నానని కూడా అనలేదు. కిందికి చూస్తే నన్ను చూడటం లేదు, తాడునే చూస్తున్నాడు. మొదట ఒక చెయ్యి వదిలాను. తర్వాత కళ్లు మూసుకొని రెండోది.

 అరిచానట, నాకు తెలియదు. తాడు బిగిసింది. గాలిలో కూర్చొని ఉన్నాను.

కొంతసేపయ్యాక ఆయన మెల్లగా అడిగాడు. "దించేదా?"

"ఇంగా కొంచేపు ఉండనీ" అన్నాను.

ఎలిజబెత్ బయటికి వెళ్లి టీ తెచ్చుకొని తాగేసింది కూడా. ఆయన అట్లాగే నిలబడి పట్టుకొని ఉన్నాడు.

మీ కోడలు,
సరళ